మూడు చొక్కాల నూలు

ఇందుమూలంగా చిట్టినగర్ ప్రజలకూ, చుట్టుపక్కల వీధులవారికీ, పాత బట్టలు మూటగట్టి నా ఆటో కోసం ఎదురుచూస్తున్న సమస్త మహిళాలోకానికీ సవినయంగా తెలియజేయునది ఏమనగా: రోజుకి ఐదు కాఫీలు తాగే నేను గత పదకొండు రోజుల్లో ఒకే ఒక్క కాఫీ తాగాను. డాక్టరు మానెయ్యమనలేదు. పాలు విరగలేదు. గ్యాసు అయిపోలేదు. ఇంత పెద్ద వార్తని ఏ పేపరూ వెయ్యలేదు కాబట్టి నేనే వేస్తున్నాను.

దీనికి కారణమైన రెండో వార్త ఒక్క ముక్కే. మా వీధిలో పాత గుడ్డలతో నూలు వడికే పిన్నిగారు పోయారు. నెల రోజులుగా మంచం మీదే ఉన్నారు. పదకొండు రోజుల కిందట పొద్దున్నే కూతురు గంజి కలిపి తెచ్చి లేపితే లేవలేదు.

ఆ ఒక్క కాఫీ ఎక్కడ తాగానో చివర్లో చెప్తాను.

నా గురించి మీకు తెలిసే ఉంటుంది. పాత బట్టలు తీసుకుని స్టీలు సామాన్లు ఇచ్చే ఆటో నాది. ఏడో తరగతిలో హెడ్మాస్టారి గొంతుతో సెలవు ప్రకటించి బడి మొత్తాన్ని ఇంటికి పంపించాను. ఆ తర్వాత నన్ను ఎవరూ మళ్ళీ బడికి రమ్మనలేదు. ఆ గొంతే ఇప్పుడు మైకులో వినపడుతుంది. "పాత చీరలు, పాత ప్యాంట్లు, పాత దుప్పట్లు! పాత మొగుణ్ణి తప్ప ఏదైనా తీసుకుంటాం!" అంటే ఆడవాళ్ళు నవ్వుతూ బయటికి వస్తారు. నవ్వినవాళ్ళు బేరం తక్కువ ఆడతారు.

పిన్నిగారు నాకు చుట్టం కాదు. పెడనలో నేతపని చేసేవాళ్ళ ఇంట్లో పుట్టి, పెళ్ళయి మా వీధికి వచ్చారు. వరండాలో ఒక రాట్నం, లోపలి గదిలో రెండడుగుల మగ్గం. కొత్త నూలు కొనగా నేను చూడలేదు. "కొత్తదాన్ని అందరూ అడుగుతార్రా, దీన్ని ఎవరడుగుతారు?" అనేవారు. నా ఆటోలో ఎవరికీ పనికిరాకుండా మిగిలిన బట్టలన్నీ ఆవిడ వరండాలోకే చేరేవి.

చీరైతే రెండు వేళ్ళ వెడల్పున చర్రున చింపేవారు. చొక్కా అయితే ముందు కాలరూ గుండీలపట్టీ తీసేసి కత్తెర పట్టేవారు. ఒక అంచుదాకా కోసి, వేలెడు వదిలేసి, అక్కణ్ణించి వెనక్కి తిరిగి మళ్ళీ కోస్తే చొక్కా మొత్తం ఒకే పీలికగా వచ్చేస్తుంది. ఆ పీలికని తడిపి, ఒక కొస రాట్నం కదురుకి కట్టి, రెండో కొస చేత్తో పట్టుకుని చక్రం తిప్పితే పురి ఎక్కుతుంది. పురి ఎక్కితే నూలు. కత్తెర పెట్టే ముందు ప్రతి గుడ్డనీ ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకునేవారు. "ఈవిడ చేతులు కొంగుకే తుడుచుకుంటుంది, తాలింపు వాసన" అనేవారు. గుండీలన్నీ పచ్చడి జాడీలో దాచేవారు. ఎందుకని అడిగితే, "ఊడిపోయినవాళ్ళు రాకపోతారా" అనేవారు.

ప్రతి మూటకీ ఒకే ప్రశ్న ఉండేది.

"ఉన్నాయనదా, లేనాయనదా?"

ఉన్నాయన గుడ్డ అయితే కాళ్ళపట్టా నేసేవారు. లేనాయనదైతే పట్టా చెయ్యరు. "చనిపోయినాయన్ని తొక్కుతామా?" అని మంచానికి నవారో, ఉయ్యాలకి తాడో అల్లేవారు. ఆ నూలు వడికేటప్పుడు రాట్నం వెనక్కి తిప్పేవారు. దాన్ని ఎడమ పురి అంటారట. కర్మకాండలో అన్నీ తిరగేసి చేస్తారు కదా, ఇదీ అలాగే అని వాళ్ళ అత్తగారు నేర్పారట. చేతిలో ఏ పని ఉన్నా పక్కన పెట్టి, కాళ్ళు కడుక్కొచ్చి ముందు ఆ పని మొదలుపెట్టేవారు. ఇంకొకటి, అసలైనది: ఉన్నాయన బట్టలు తెస్తే నాకు మంచినీళ్ళు ఇచ్చేవారు. లేనాయన బట్టలు తెస్తే కాఫీ. "అలాంటి గుమ్మం దాకా వెళ్ళొచ్చావు, నోరు ఎండిపోయుంటుంది" అని.

ఆవిడ కాఫీ ఎలా ఉంటుందో మీకు తెలియదు. తెలిస్తే నన్ను క్షమిస్తారు. ఆ కాఫీ కోసం నేను ఎంతమందిని చంపానో చెప్పలేను. పటమటలో అరుగు మీద పేకాడుకుంటున్న పెద్దమనిషిని చంపాను. పొద్దున్నే జిమ్ముకి వెళ్ళే కుర్రాణ్ణి చంపాను. ఒకసారి ఓపిక పట్టలేక రోజుకి ఇద్దర్ని చంపాను. పిన్నిగారు ప్రతివాడికీ నిట్టూర్చి, రాట్నం వెనక్కి తిప్పి, స్టవ్ వెలిగించేవారు. నేను గోడకి ఆనుకుని లోపల్లోపల నవ్వుకుంటూ తాగేవాణ్ణి.

మూడేళ్ళ కిందట ఎండాకాలంలో ఒకరోజు గన్నవరం వెళ్ళాను. ఒక పెద్దావిడ నాలుగు చొక్కాలు తెచ్చి ఆటోలో పెట్టింది. నాలుగూ ఇస్త్రీ చేసి మడత పెట్టినవి. పాత బట్టల ఆటోకి ఇస్త్రీ చేసిన చొక్కాలు ఎవరూ వెయ్యరు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. మూడు గిన్నెల క్యారేజీ ఇస్తే బేరం ఆడలేదు. మూత తీసి చూడలేదు. నా జోకుకి నవ్వలేదు. నేను మంచి బేరం తగిలిందని సంతోషపడ్డాను.

మధ్యాహ్నానికి పిన్నిగారి వరండాలో ఉన్నాను.

"ఉన్నాయనవా, లేనాయనవా?"

"లేనాయనవే పిన్నిగారూ. చిన్నవయసు, పాపం."

"ఏమైందిరా?"

"గుండె."

ఒక్క అక్షరం తడబడలేదు. కాఫీ వచ్చింది. పిన్నిగారు కాళ్ళు కడుక్కుని కత్తెర తీశారు. నేను తాగి, వరండాలోనే కునుకు తీశాను. రాట్నం కిర్రుమంటుంటే భలే నిద్ర పడుతుంది.

రెండింటికి ఫోను మోగింది. నంబరు ఆటో వెనక రాసి ఉంటుంది. ఎవరో ఆడగొంతు.

"అన్నయ్యా, పాత బట్టల ఆటో మీదేనా?"

"మాదేనమ్మా! పాత మొగుణ్ణి తప్ప ఏదైనా తీసుకుంటాం!"

అవతల బస్సు హారను మోగింది.

"మా ఆయన చొక్కాలండీ" అంది. "నాలుగు. నేను డ్యూటీకి వెళ్ళినప్పుడు మా అత్తగారు మీకు ఇచ్చేశారంట. మా ఆయన ఇంట్లో లేరు. ఎనిమిది నెలలైంది. హైవే పక్కన లారీ ఆపి, తాళాలు సీటు మీద పెట్టేసి, ఎటో వెళ్ళిపోయారు. ఫోను కూడా లారీలోనే వదిలేశారు. పోలీసులకి చెప్పాం, వెతుకుతున్నారు. వస్తారన్నయ్యా. వచ్చిన రోజు ఏం తొడుక్కుంటారు? నేను బస్సెక్కుతున్నా, ఎక్కడికి రమ్మంటారు?"

"రామ్మా" అన్నాను. అడ్రసు చెప్పాను. "భద్రంగా ఉన్నాయి" అని కూడా అన్నాను.

ఫోను పెట్టి వెనక్కి తిరిగాను. పిన్నిగారి పక్కన రెండు నూలు ఉండలు ఉన్నాయి. మూడో చొక్కా పీలికగా మారి కదురుకి ఎక్కింది. రాట్నం వెనక్కి తిరుగుతోంది.

గన్నవరం నుంచి మా వీధికి గంట, మహా అయితే గంటంబావు. ఒక్క మాట చెప్తే సరిపోయేది. పిన్నిగారూ, అబద్ధమండీ, ఆపండి. అంతే. జీవితమంతా నవ్వించి బతికినవాడికి అలాంటి మాట నోట్లోంచి రాదు. ఎదురుగా ఆవిడ తడిచేత్తో పీలిక పట్టుకుని, పెదాలు కదిలించుకుంటూ, చనిపోని మనిషి కోసం దణ్ణం పెట్టుకుంటున్నారు.

నాలుగో చొక్కా ఒక్కటే మిగిలింది. నీలం గళ్ళది. వెళ్ళి దాని మీద కూర్చున్నాను.

"లే, ఆ చొక్కా ఇటివ్వు" అన్నారు పిన్నిగారు.

"నడుం పట్టేసిందండీ. లేవలేను."

"ఇందాక లేచి ఫోను మాట్లాడావుగా?"

"అప్పుడే పట్టేసింది."

"ఏంట్రా నీ కోతివేషాలు? వాళ్ళింట్లో ఏడుస్తా కూర్చునుంటారు. సాయంత్రానికి నూలన్నా అవనీ."

లేవలేదు. వీధిలో ఏ చెప్పుల చప్పుడు వినపడినా తల తిప్పాను. పాలప్యాకెట్లాయన వెళ్ళాడు. కొండ మీదికి గ్యాసు బండ మోసుకుంటూ ఒకాయన వెళ్ళాడు. మూడో పీలిక పూర్తయి మూడో ఉండ అయింది. పిన్నిగారు కత్తెర తీసుకుని లేచి నా ముందుకొచ్చి నిలబడ్డారు.

అప్పుడు ఆ అమ్మాయి వచ్చింది. మెడలో బట్టల షాపు కార్డు తీయకుండానే వచ్చేసింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. నుదుట ఎర్రటి బొట్టు.

"చొక్కాల కోసమండీ" అంది. "వాటి తాలూకు ఆయన భార్యని."

పిన్నిగారు ఆ బొట్టు వంక చూశారు. చేతిలో కత్తెర కింద పెట్టేశారు. మెల్లగా దగ్గరికి వెళ్ళి, ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నారు.

"ఎంతపని జరిగింది తల్లీ! ఆయన చనిపోయి ఎన్నాళ్ళయింది?"

ఆ అమ్మాయి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఎవరు చెప్పారు?" అంది. పిన్నిగారి వైపు కాదు, నా వైపు తిరిగింది. "అన్నయ్యా, మీరు రోడ్లంట తిరుగుతారుగా. ఏమన్నా చూశారా? ఎక్కడ దొరికారు? కాలవలోనా?"

వరండా మెట్టు మీద కూలబడిపోయింది. "కాలవలోనేనా? చెప్పండి" అంటోంది. ఎనిమిది నెలలుగా ఆ మాట నోటిదాకా రానివ్వకుండా పట్టుకుందేమో, ఇప్పుడు ఆపలేకపోతోంది.

"లేదమ్మా" అన్నాను. "ఎవరూ చెప్పలేదు. నాకేం తెలియదు. నేనే అన్నాను. ఊరికే అన్నాను."

"ఊరికే ఎందుకంటారు?"

"కాఫీ కోసం."

నాకు తెలిసినంతలో నేను చెప్పిన మాటకి ఒక్కళ్ళు కూడా నవ్వని రోజు అదొక్కటే.

లేచి నీలం గళ్ళ చొక్కా తీసి ఇచ్చాను. మడత నలిగిపోయి ఉంది. అమ్మాయి దాన్ని ఒళ్ళో పెట్టుకుని, మిగతా మూడు ఎక్కడా అన్నట్టు చూసింది. పిన్నిగారు మూడు ఉండలూ చూపించారు. దాచకుండా అంతా చెప్పారు. పట్టా ఎందుకో, నవారు ఎందుకో, రాట్నం ఎందుకు వెనక్కి తిప్పారో.

"తప్పు నాది కూడా ఉందమ్మా. వీడి మొహం చూసి నమ్మాను."

అమ్మాయి ఒక ఉండ చేతిలోకి తీసుకుంది. "అయితే ఇందులో ఆయన లేడని ఉందన్నమాట."

పిన్నిగారు తలూపారు.

"తీసెయ్యండి మామ్మగారూ. అలా తిప్పిందంతా తీసెయ్యండి."

"తీస్తే చొక్కా రాదు తల్లీ."

"తెలుసండీ. చొక్కా వద్దు. అది తీసెయ్యండి."

పిన్నిగారు నా వైపు చూశారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఇట్రా. కూర్చో. తిప్పు" అన్నారు.

"ఎటు తిప్పాలండీ?"

"ముందుకి. నువ్వు ఎక్కించింది నువ్వే దించు."

రాట్నం తిప్పడం చూసినంత తేలిక కాదు. తొందరపడితే పీలిక మెలిపడుతుంది, తెగుతుంది. పిన్నిగారు కొస పట్టుకున్నారు. నేను తిప్పాను. ఎడమ పురి కొంచెం కొంచెంగా వదులైంది. ఒకచోట పూర్తిగా విప్పుకుని పీలిక చదునుగా పరుచుకుంది. చొక్కా చారలు మళ్ళీ కనిపించాయి. అమ్మాయి ఒక వేలు చాపి దాన్ని తాకింది. తాకగానే అది కుడి వైపుకి మెలి తిరగడం మొదలుపెట్టింది.

అప్పుడే టప్పుమని తెగింది.

అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నా చెయ్యి చక్రం మీద అలాగే ఆగిపోయింది. ఆ నిమిషంలో ముగ్గురం ఏమనుకున్నామో ముగ్గురికీ తెలుసు.

"తెగింది గుడ్డమ్మా" అన్నారు పిన్నిగారు, ముడి వేస్తూ. "ఇక్కడ బాగా పలచబడింది, అందుకని తెగింది. ఇది ఎక్కడి ముక్కో నీకు తెలియాలి మరి. నువ్వేగా ఉతికేదానివి?"

అమ్మాయి వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"కుడి భుజం" అంది. "లారీ డోరుకి ఆనుకుని తోలతారు. ఏ చొక్కా అయినా ముందు అక్కడే పోతుంది."

"అయితే మిగతా రెండిట్లోనూ అక్కడే తెగుద్ది. నువ్వు దగ్గరుండి చూస్తా ఉండు. ఆ ముక్క రాగానే చెప్పు, వీడు మెల్లగా తిప్పుతాడు."

అలా చేశాం. ఆ పిల్ల మెట్టు మీంచి లేచొచ్చి రాట్నం పక్కన చేరింది. కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయి పీలిక వంకే చూస్తూ చెప్పింది. "ఇది వీపు, తిప్పండి. ఇది చెయ్యి. ఇక్కడ బీడీ నిప్పు పడి చిల్లుంటుంది, ఆగండి. మెల్లగా, మెల్లగా. భుజం వస్తోంది." ఎనిమిది నెలల్లో ఆయన గురించి ఆ పిల్ల అంతసేపు మాట్లాడి ఉండదు. రెండో చొక్కా రెండుచోట్ల తెగింది. మూడోది ఒక్కచోట కూడా తెగలేదు. అది పూర్తయ్యేసరికి ఎండ కొండ మీదికి వెళ్ళిపోయింది, నా భుజం నాది కానట్టు అయిపోయింది.

పిన్నిగారు లోపలికి వెళ్ళి కాఫీలు తెచ్చారు. మూడు గ్లాసులు. నేను తీసుకోలేదు.

"తాగరా" అన్నారు. "ఇకమీదట ఉన్నాయన బట్టలకి కూడా కాఫీయే ఇస్తా. ఎవర్నీ చంపకు."

వారం తర్వాత పట్టా నేను పట్టుకెళ్ళి ఇచ్చాను. చారలన్నీ కలిసిపోయి ఇటుకరంగులో ఉంది, మధ్యలో తెగినచోట వేసిన ముళ్ళు చేతికి తగులుతున్నాయి. గుమ్మానికి లోపలివైపు వెయ్యమని పిన్నిగారు చెప్పి పంపారు. ఆయన వచ్చి దాన్ని తొక్కిన రోజు కబురు చెయ్యమన్నారు. పెద్దావిడ, అదే, క్యారేజీ తీసుకున్న అత్తగారు, లోపల్నుంచి వచ్చి పట్టా సరిచేసి వేసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మూడేళ్ళూ గన్నవరం వైపు వెళ్ళినప్పుడల్లా ఆ వీధిలోంచి వచ్చేవాణ్ణి. సాయంత్రం పిన్నిగారు అడిగేవారు.

"వచ్చాడా?"

"లేదండీ."

ఆ విషయంలో ఒక్క అబద్ధం చెప్పలేదు, మొన్నటిదాకా. పోవడానికి నాలుగు రోజుల ముందు చూడ్డానికి వెళ్ళాను. మాట బాగా తగ్గిపోయింది. కళ్ళు మూసుకునే ఉన్నారు. నా అలికిడికి తెరిచారు.

"వచ్చాడా?"

"వచ్చాడండీ" అన్నాను. "మొన్నే. గడ్డం పెంచాడు. చిక్కిపోయాడు. నీలం గళ్ళ చొక్కా వదులైంది."

ఆవిడ నా ముఖం వంక చూస్తూ ఉన్నారు.

"పట్టా మీద ఏ కాలు ముందు పెట్టాడు?"

"కుడికాలండీ."

"కాఫీ పెట్టే ఓపిక లేదురా" అన్నారు. మూతి చివర కొంచెం కదిలింది. నమ్మారో, అబద్ధమని పట్టేశారో నాకు తెలియదు. ఇక తెలిసే దారి లేదు.

పోయిన మూడో రోజు గన్నవరం వెళ్ళాను, మైకు కట్టేసి. ఆ అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది. పిన్నిగారు పోయారని చెప్పాను. ఎప్పుడు, ఎలా అని అడిగింది. చెప్పాను. లోపలికి వెళ్ళి కాఫీ కలుపుకొచ్చింది. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ పట్టా మీద కాలు పడకుండా దాటుకునే నడిచింది. అది అలవాటైపోయిన నడక. వెనకాల పెద్దావిడ కూడా అలాగే దాటింది.

ఇదే ఆ ఒక్క కాఫీ. జీవితంలో మొదటిసారి నిజం చెప్పి తాగింది. తాగుతూ, పిన్నిగారికి చివర్లో ఏం చెప్పానో దాచలేకపోయాను. తిడుతుందనుకున్నాను. ఆ అమ్మాయి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఇంకోసారి చెప్పండన్నయ్యా. ఏ కాలు ముందు పెట్టాడన్నారు?"

"కుడికాలని చెప్పానమ్మా."

"కాదు" అంది. "ఎడమకాలే పెడతాడు. ఎన్నిసార్లు చెప్పినా వినడు."

ఇప్పుడు ఒప్పుకోవాల్సినవి ఒప్పుకుంటాను. ఆ ఊరు గన్నవరం కాదు. మీలో ఎవరైనా వెతుక్కుంటూ వెళ్ళి ఆ గుమ్మం ముందు నిలబడతారని మార్చాను. ఆయన లారీ తోలతాడన్నది నిజం, బీడీ నిప్పు నేను కల్పించింది. మూడో చొక్కా ఒక్కచోట కూడా తెగలేదన్నది కల్పించింది, నాలుగుచోట్ల తెగింది. కాఫీ కోసం అని నేను వెంటనే ఒప్పుకున్నట్టు రాశాను, అదీ కల్పించిందే. పిన్నిగారు రెండుసార్లు గట్టిగా అడిగితేగాని నోరు విప్పలేదు. చొక్కా మీద కూర్చోవడం నిజం. ఎడమకాలు నిజం. ఆయన వచ్చాడన్నది మాత్రం నేను పిన్నిగారి కోసం కల్పించింది.

పట్టా నిజం. నేను వెళ్ళిన రోజు దగ్గరగా చూశాను. ప్రతి శుక్రవారం ఉతికి, పిండి, గోడ మీద ఆరేసి, అంచులు పీచు లేచిపోయాయి. మధ్యలో, అడుగు పడాల్సినచోట, ముళ్ళు ఇంకా నొక్కుకుపోలేదు. నేను తెచ్చి ఇచ్చిన రోజు ఎలా ఉన్నాయో అలాగే పైకి లేచి ఉన్నాయి.